పడవ కింది గూళ్ళు

హాల్వర్‌కి ఊళ్ళు చూడటంలో ఒక పద్ధతి ఉంది. ముందు చర్చి, తర్వాత రేవు, మ్యూజియం లాంటిదేదైనా ఉంటే అది, ఆఖరుకి ఊరంతా కనిపించే ఎత్తైన చోటు వెతుక్కుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇదన్నమాట సంగతి" అనడం. ఆ మాట అన్నాడంటే ఆ ఊరు అయిపోయినట్టే. దక్షిణాన అడవుల మధ్యనున్న తమ లోయలోంచి కారు వెనక ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని బయల్దేరిన దగ్గర్నుంచి అతని భార్య గుడ్రున్ ఆ మాట వింటూనే ఉంది. ఉద్యోగమున్నన్నాళ్ళూ కలప లారీ నడిపిన మనిషి, ఇప్పుడు సరదాకి తిరుగుతున్నా సరుకు దించి పోతున్నట్టే తిరుగుతున్నాడని ఆమెకి నవ్వూ వచ్చేది, విసుగూ వచ్చేది.

ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న లీన్‌వార్‌లో మాత్రం గురువారం దాకా ఆగాలని ఆమే పట్టుబట్టింది. చర్చి, చేపల ఫ్యాక్టరీ, ఎండు చేపల పందిళ్ళు, సముద్రం ఒడ్డునే ట్రైలర్లు నిలుపుకునే పచ్చిక. ఆ పచ్చికనీ, దాని పక్కనున్న కొట్టునీ నడిపేది యోరున్ అనే భారీ మనిషి. కరెంటు ఎక్కడ తగిలించుకోవాలో చూపిస్తూనే ఆవిడ షరతులన్నీ ఏకరువు పెట్టింది.

"బాతులు పొదిగే కాలం. రేడియో పెట్టొద్దు. ఎర్రబట్టలూ అవీ బయట ఆరెయ్యొద్దు. పడవల షెడ్డు దగ్గర తాడు కట్టి ఉంటుంది, అది దాటొద్దు."

"ఊపిరి తీసుకోవచ్చా?" అన్నాడు హాల్వర్.

"తీసుకో. గట్టిగా వదలకు."

ఆ పడవల షెడ్డే ఆ ఊళ్ళో చూడాల్సింది. లోపల కిటికీ దగ్గర డాగ్నీ అనే ముసలావిడ కూర్చుని ఉంది. వాచిన కాలొకటి ఎదురుగా స్టూలు మీద చాపుకుంది. ఒళ్ళో కొయ్యచట్రం, దానికి అడ్డంగా బిగించిన సన్నటి దారాలు. పక్కనున్న గోనెలోంచి చారెడు బూడిదరంగు బాతు నూగు తీసి దారాల మీద పరిచి, చిన్న కర్రతో అటూ ఇటూ మీటుతోంది. నూగులో చిక్కుకున్న ఎండు నాచూ, గడ్డిపరకలూ, గుడ్డుపెంకు ముక్కలూ కిందికి రాలిపోతున్నాయి. నూగు మాత్రం దారాల్నే పట్టుకుని ఉండిపోతోంది. కిటికీ అవతల తాడు, తాడు అవతల రాళ్ళతోనూ పాతచెక్కలతోనూ కట్టిన మోకాలెత్తు ఇళ్ళు, బోర్లించిన పాత పడవ ఒకటి. అవన్నీ ఈడర్ బాతులవి. ఏటా వసంతంలో సముద్రం మీదనించి వచ్చి, మనిషి కట్టిపెట్టిన ఇంట్లో, మనిషి ఆరబెట్టి పరిచిన నాచు మీద, తమ రొమ్ము నూగు తామే పీకి పరుచుకుని గుడ్లు పెడతాయి. పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాక, బొంతల్లో కూరుకోవడానికి ఆ నూగు మనిషికి. కాకుల్నీ గద్దల్నీ రాకుండా కాసినందుకు అది కూలి.

"చెయ్యి పట్టు" అంది డాగ్నీ. గుడ్రున్ అరచేతిలో ఒక ఉండ పెట్టింది. బరువే లేదు. కళ్ళు మూసుకుంటే అక్కడేమీ లేదనే అనుకోవాలి. కాసేపటికి అరచెయ్యి వెచ్చబడటం మొదలుపెట్టింది.

"నీ చేతులు చూస్తే తెలుస్తోందమ్మాయ్. కోళ్ళా, గొర్రెలా?"

అరవయ్యారేళ్ళ గుడ్రున్‌ని అమ్మాయ్ అని పిలిచి చాలాకాలమైంది. "రెండూనూ. పోయిన శీతాకాలానికి ముందే అమ్మేశాం."

"మరి ఇప్పుడు చేతులకేం పని చెబుతున్నావు?"

 డాగ్నీ చట్రం గుడ్రున్ ఒళ్ళోకి తోసింది. మీటమంది. గట్టిగా మీటితే నూగు తెగుతుంది, మెల్లిగా మీటితే చెత్త రాలదు. కాసేపు తంటాలు పడ్డాక గుడ్రున్ చేతికి అది పట్టుబడింది. హాల్వర్ ఫోన్ పైకెత్తాడు.

"తీస్తే తియ్యి కాని, గడ్డం మీద వెంట్రుకలు పడకుండా తియ్యి" అంది డాగ్నీ.

అప్పుడే వెనక తలుపులోంచి ఒకామె వచ్చింది. వెలిసిపోయిన నీలిరంగు పాతకోటు, బూడిదరంగు ముసుగు. మనిషి చిన్నది, నలభై దాటి ఉంటాయి. డాగ్నీ కొడుకు టోర్‌ఫిన్ భార్య, సుమాలీ. థాయిలాండ్ నుంచి వచ్చింది. టోర్‌ఫిన్ చేపల పడవ మీద దూరం వెళ్తే వారాల తరబడి రాడు. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే.

"పడవ కింద పెద్దావిడ కూర్చుందమ్మా" అంది సుమాలీ గుసగుసగా, ఉత్తరాది యాసలో. "పక్కన దాని కూతురు. మూడోది ఇవాళ నూగు పీక్కుంటోంది."

"పాడుకుంటూనే వెళ్ళావా?"

"ఊఁ."

"నా పాట కాదులే" అంది డాగ్నీ, గుడ్రున్ వైపు తిరిగి. "మనిషి వస్తున్నట్టు బాతులకి తెలియాలి. రోజూ అదే కోటు, అదే గొంతు. కోటైతే నాదే. పాట మాత్రం ఈవిడ తన ఊరిది పాడుతుంది. జోలపాటట. మా బాతులకి థాయ్ భాష వచ్చేసింది."

అందరూ నవ్వారు. సుమాలీ కూడా నవ్వింది. అత్తగారిని 'అమ్మా' అని పిలవడం ఆ ప్రాంతంలో లేదు, అందరూ పేరుపెట్టే పిలుచుకుంటారు. ఆ పిలుపు గుడ్రున్‌కి ఎంతో నచ్చింది. సాయంత్రం చర్చి వెనక గుట్టెక్కి హాల్వర్ "ఇదన్నమాట సంగతి" అన్నప్పుడు, "అప్పుడే కాదు" అని కసిరింది.

*

మర్నాడు పొద్దున హాల్వర్ గాలం పట్టుకుని రేవుకి పోయాడు. గుడ్రున్ కాఫీ గ్లాసు కడిగి, మెడకి ఉన్నిశాలువా చుట్టుకుని ఒడ్డునే నడక మొదలుపెట్టింది. తమ చివరి గొర్రెల ఉన్ని తనే వడికి, తనే అల్లుకున్న శాలువా అది.

నిన్న నీళ్ళున్న చోట ఇవాళ నీళ్ళు లేవు. పసుపుపచ్చ నాచు పరుచుకున్న రాళ్ళూ, తడి ఇసుకా బయటపడి సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. ఆమె పుట్టి పెరిగిన లోయలో నీళ్ళంటే ఏరు, ఏరు పోయేది ఒకే దిక్కుకి. పొద్దున ఉన్న నేల సాయంత్రానికి ఉండదని, సాయంత్రం లేని నేల పొద్దున ఉంటుందని ఆమె ప్రాణానికి తెలియదు. బాతుల తాడు షెడ్డు మూలనుంచి నీళ్ళ అంచున పాతిన ఇనపకడ్డీ దాకా ఉంటుంది. ఆ అంచు పోటు వచ్చినప్పటిది. ఇప్పుడు కడ్డీకి ఇవతలా నేలే, అవతలా నేలే. గవ్వలు చూసుకుంటూ, జారకుండా కాళ్ళు చూసుకుంటూ నడుస్తున్న గుడ్రున్ ఆ కడ్డీని చుట్టుకుని అవతలికి వచ్చేసింది. తాడు దాటలేదు. తాడు తన కుడిపక్క ఎక్కడో ఉందనే అనుకుంది.

బోర్లించిన పడవ దగ్గరికొచ్చాక తల వంచి చూసింది. లోపల నాచు పరిచిన మూడు గూళ్ళు. రెండింట్లో ముదురు గోధుమరంగు బాతులు తలలు వంచుకుని, రాళ్ళలో రాళ్ళయిపోయి కూర్చున్నాయి. మూడో గూడు ఖాళీ. నూగు గాలికి పక్కకి పోయి, ఆకుపచ్చటి గుడ్లు బయటపడి ఉన్నాయి. గుడ్రున్ చెయ్యి చాపింది. వేళ్ళు తగిలాయి. వెచ్చదనం ఉండీ లేనట్టు ఉంది.

కోడి ఇలా లేచిపోయిందంటే ఏం చెయ్యాలో ఆమె చేతులకి తెలుసు. వాటిని ఎవరూ అడగక్కర్లేదు. శాలువా విప్పి, నాలుగు మడతలు పెట్టి, గుడ్ల మీద కప్పి, అంచులు నాచు కిందికి దోపింది. లేచి నిలబడి, కొన్నాళ్ళుగా ఎరగని తృప్తితో వెనక్కి నడిచింది. కొంతదూరం వచ్చాక వెనక టపటపా రెక్కల చప్పుడు వినిపించింది. పడవ కిందనుంచి రెండు బాతులూ నీళ్ళ వైపు పోతున్నాయి. తిండికి పోతున్నాయి కాబోలు అనుకుంది.

*

సంగతి తెలిసింది ఆ మర్నాడు, బుధవారం పొద్దున, కొట్లో. యోరున్ ఒక మూల రెండు బల్లలు వేసి కాఫీ పోస్తుంది. రిటైరైన జాలర్లు పొద్దున్నే అక్కడ చేరతారు. గుడ్రున్ రొట్టె కోసం వెళ్ళేసరికి నవ్వుల్లేవు.

"పడవ కింద మూడూ పోయాయి" అంది యోరున్, రొట్టె చుడుతూ. "గుడ్లని కాకులు పొడుచుకు తిన్నాయి. ఆ పెద్ద బాతు డాగ్నీ దగ్గరికి పదిహేనేళ్ళుగా వస్తోంది. ఒకసారి బెదిరిందంటే ఇంక ఆ గూటికి రాదు. అది రాకపోతే దాని కూతుళ్ళూ రావు."

"బెదిరిందా? ఎందుకు?" అంది గుడ్రున్.

జవాబు బల్ల దగ్గరినుంచి వచ్చింది. సిగుర్డ్ అనే ఎర్రమెడ ముసలాయన, చక్కెర గడ్డ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ చప్పరిస్తూ అన్నాడు. "ఎందుకేముంది? కోటు తొడిగినంత మాత్రాన డాగ్నీ అయిపోతారా? నేను ముందే చెప్పా. మనల్ని నమ్మడానికే ఆ బాతులకి ఏళ్ళు పడుతుంది."

"ఊరుకో, సిగుర్డ్" అంది యోరున్. గట్టిగా అనలేదు.

"ఏం ఊరుకో? నీరు తీసినప్పుడు తాడుకి అర్థం లేదు. ఆ వేళప్పుడు కాపలా మనిషి కడ్డీ దగ్గర నిలబడాలి. మా అమ్మ నిలబడింది, డాగ్నీ నిలబడింది. నిన్న పొద్దున సుమాలీ ఎక్కడుంది? అది చెప్పమను."

"అడిగారా?" అంది గుడ్రున్.

"అడిగాం. మాట్లాడదు. మాట్లాడకపోతే ఏమనుకోవాలి? డాగ్నీయే అందిగా, ఇంక బాతుల పని దానికివ్వనని. సోమవారం నుంచి మళ్ళీ చేపల ఫ్యాక్టరీకి పోతుందట. బాతుల ఇళ్ళు వచ్చే ఏడు మూసేస్తారట."

తాడు, కడ్డీ, నీరు తీసిన నేల. గుడ్రున్‌కి అన్నీ ఒక్కసారిగా ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. రొట్టె చంకలో పెట్టుకుని ఎలా బయటికొచ్చిందో తెలియదు. మెట్ల మీద నిలబడితే షెడ్డు కనిపించింది. దాని గోడకి ఆనుకుని, తాడుకి ఇవతల, సుమాలీ ఒక పెట్టె మీద కూర్చుని ఉంది. నీలికోటు లేదు. ఎర్రటి తన జాకెట్టు వేసుకుంది. బాతుల కాలంలో ఆ ఊళ్ళో ఎవరూ వేసుకోని రంగు. తాడు అవతలికి తనింక పోనని, ఎవరూ అడక్కముందే ఆ జాకెట్టు చెబుతోంది.

ట్రైలర్‌లో హాల్వర్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. గుడ్రున్ మొత్తం చెప్పింది. శాలువా సంగతి చెప్పేటప్పుడు మాట తడబడింది. అతను చాకు ఆపి విన్నాడు.

"నువ్వు కావాలని చేశావా?"

"లేదు."

"మరి? చెప్తే ఏమవుతుంది? గుడ్లు వెనక్కి వస్తాయా?"

"ఆ మనిషి పని పోయింది, హాల్వర్."

"ఆ సంగతి వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు. అత్తాకోడళ్ళ మధ్య, ఊరి మధ్య ఏముందో మనకేం తెలుసు? రేపు పొద్దున్నే బండి కట్టేద్దాం." మళ్ళీ చెక్కు తీయడం మొదలుపెట్టాడు. కాసేపాగి, తల ఎత్తకుండానే, "నిన్ను వేలెత్తి చూపిస్తుంటే నేను చూడలేను" అన్నాడు.

అతను చెడ్డవాడు కాదు. అదే ఇబ్బంది. చెడ్డవాడైతే ఎదురు తిరిగి వెంటనే పోయేది. ఆమె కూర్చుని దుంపలు ఉడికించింది, చేప వేయించింది, తిన్నారు.  శాలువా మాట కొట్లో ఎవరూ ఎత్తలేదు. గాలికి పోయిందా, పోటు ఎత్తుకుపోయిందా? పోయుంటే బావుణ్ణని అనుకుంది, అలా అనుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. గిన్నెలు కడగడం సగంలో వదిలేసి కోటు తొడుక్కుంది. హాల్వర్ పత్రికలోంచి తల ఎత్తాడు గాని, ఆపలేదు.

*

డాగ్నీ ఇల్లు షెడ్డుకి పైన, రోడ్డు పక్కనే. తలుపు తీసే ఉంది. వంటింట్లో డాగ్నీ ఒక్కతే, కిటికీ పక్క బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుంది. ఇవాళ ఒళ్ళో చట్రం లేదు.

"రా అమ్మాయ్. కాఫీ నువ్వే పోసుకోవాలి. నేను లేవను."

గుడ్రున్ పోసుకోలేదు. నిలబడే చెప్పింది. ఎక్కడ దాటిందీ, ఏం చూసిందీ, ఏం కప్పిందీ, అన్నీ వరసగా. చెప్పడం అయ్యాక ఏడుపొచ్చింది. "కోడి అనుకున్నానండీ" అంది, చిన్నపిల్లలా.

డాగ్నీ మొహంలో ఆశ్చర్యం లేదు. కోపమూ లేదు.  చేతికర్రతో పొయ్యి పక్కనున్న కట్టెలపెట్టె మూత లేపింది. కట్టెల మీద మడత పెట్టి ఉంది గుడ్రున్ శాలువా.

"చూడగానే తెలిసింది నీదని. కొండల వైపు అల్లిక. ఇక్కడ అంచు అలా మడవం."

"మీకు తెలుసా?" గుడ్రున్ కుర్చీలో కూలబడింది. "తెలిసీ... ఊరంతా సుమాలీని అంటుంటే..."

"ఊరు అంటుంది. ఊరికి అదే పని."

"మీరు కూడా అన్నారట కదా!"

డాగ్నీ మూత దించింది. కర్ర రెండు చేతులా పట్టుకుని, దాని కొన వైపే చూస్తూ మాట్లాడింది.

"నేనీ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు ఇదే కోటు నాకు తొడిగింది. బాతులు నన్ను ఒప్పుకోలేదు. తర్వాతి వసంతం కూడా ఒప్పుకోలేదు. దూరంనుంచి చూడగానే లేచిపోయేవి. వాననక, వడగళ్ళనక ఆ రాళ్ళ మధ్య కూర్చుని పాడేదాన్ని. మూడో ఏడు ఒకటి లేవకుండా కూర్చుంది. ఆ రోజు ఎంత ఏడ్చానో! పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు. ఇదేమో ఈ ఏడు నా మోకాలు పోయిందని కోటు తొడుక్కుని వెళ్ళింది. వారం. వారం తిరక్కుండా ఆ పెద్ద బాతు దాని చేతి కిందే కూర్చుంది. దాని పొట్ట కింద చెయ్యి పెట్టి గుడ్లు తడిమితే కదల్లేదు. ఈ కిటికీలోంచి చూశాను నేను. నా పాట కూడా పాడలేదది."

కర్ర కొన నేల మీద ఒకసారి తిప్పింది.

"శాలువా చూసినప్పుడు ముందు నాకేమనిపించిందో తెలుసా? బాతులు పోయాయే అని కాదు. పోనీలే, దానికీ పోయాయి అని." డాగ్నీ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "డెబ్భై తొమ్మిదేళ్ళు నాకు. ఇంత కుళ్ళు నాలో ఉందని నాకే తెలియదు. చెబుదామనే అనుకున్నా ఆ సాయంత్రం. సిగుర్డ్ వచ్చి నోరు పారేసుకున్నాడు, నేను ఊరుకున్నాను. ఒకసారి ఊరుకున్నాక, రెండోసారి నోరు తెరవడం ఎంత కష్టమో నువ్వే చూశావుగా."

గుడ్రున్ తల వంచుకుంది. కొట్లో తనూ రొట్టె పట్టుకుని నిలబడే ఉంది.

"నువ్వు రేపు వెళ్ళిపోతావు" అంది డాగ్నీ. "వెళ్ళు. నిన్నెవరూ ఏమీ అనరు. నేను చూసుకుంటాను."

ఏం చూసుకుంటుందో చెప్పలేదు. గుడ్రున్ అడగలేదు. బయటికొచ్చి రోడ్డెక్కాక, ముందుగా తనకి కలిగింది సిగ్గు కాదు, తేలిక. చెప్పేశాను, ఆవిడ పొమ్మంది, నా పని అయిపోయింది. హాల్వర్ గుట్టెక్కి చూసి దిగిపోయినట్టే, తనూ దిగిపోవచ్చు. ట్రైలర్ మెట్టు మీద కాలు పెట్టేదాకా ఆ తేలిక ఉంది. తర్వాత లేదు.

*

గురువారం పొద్దున హాల్వర్ తొందరగానే మొదలుపెట్టాడు. గ్యాసు కట్టేసి, ట్రైలర్ మూలల్లో నేలకి ఆనించిన ఇనపకాళ్ళు పైకి తిప్పి, కరెంటు తీగ చుట్టాడు. ట్రైలర్ ముందున్న చిన్న చక్రం తిప్పుతూ కారు కొక్కేనికి సరిగ్గా దించాలి. ఆ పనిలో గుడ్రున్ ఎదురుగా నిలబడి, "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అనాలి. ఆమె చాలు అంది. కొక్కెం టక్కున పడింది. లైట్ల ప్లగ్గు తగిలించి అతను నడుం ఎత్తేసరికి ఆమె రోడ్డు మీదికి నడిచిపోతోంది.

"గుడ్రున్! బ్రేక్ లైట్లు చూడాలి!"

"నువ్వే చూసుకో" అంది వెనక్కి తిరక్కుండానే.

డాగ్నీ ఇంటి పక్క, దడి మీద ఆరేసిన సముద్రపు నాచుని సుమాలీ తిరగేస్తోంది. అదే ఎర్ర జాకెట్టు. తడి పక్క పైకి వచ్చేలా పంగలకర్రతో ఎత్తి, దులిపి, మళ్ళీ పరుస్తోంది. వచ్చే ఏడు గూళ్ళకి కావలసిన నాచు. వచ్చే ఏడు గూళ్ళే లేవన్నారు. నాచు మాత్రం తిరగెయ్యకపోతే కుళ్ళుతుంది.

"సుమాలీ, పడవ కింద శాలువా కప్పింది నేనే."

సుమాలీ చెయ్యి ఆగలేదు. నాచు ఎత్తింది, దులిపింది, పరిచింది.

"తెలుసు" అంది.

"డాగ్నీ చెప్పిందా?"

"అమ్మా?" సుమాలీ నవ్వింది. అందులో నవ్వేమీ లేదు. "ఆ శాలువా నాకే దొరికింది. ఆ మధ్యాహ్నం గూటిలోంచి నేనే తీశాను. తెచ్చి వంటింటి బల్ల మీద, అమ్మ కాఫీ కప్పు పక్కన పెట్టాను. ఏమీ అనలేదు. నీళ్ళు మోసుకొచ్చేసరికి అది బల్ల మీద లేదు. సాయంత్రం సిగుర్డ్ వచ్చాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. అమ్మ నోరు తెరుస్తుందని చూశాను. మర్నాడు చూశాను. ఇవాళ కూడా చూస్తున్నాను."

 వాళ్ళ మధ్య జరుగుతున్నదేమిటో గుడ్రున్‌కి అప్పటికి అర్థమైంది. "మరి నువ్వే చూపించకపోయావా? కొట్టుకి తీసుకెళ్ళి సిగుర్డ్ మొహాన కొట్టకపోయావా?"

"నేను చూపిస్తే నేనే పెట్టానంటారు. పదకొండేళ్ళయింది నేనీ ఊళ్ళో ఉండి. వాళ్ళ చేపలు కోశాను. వాళ్ళ పెళ్ళిళ్ళకి కేకులు చేశాను. బాతులకి వారం చాలింది." కర్ర నేలకి ఆనించి మొదటిసారి గుడ్రున్ మొహంలోకి చూసింది. "నువ్వొచ్చి చెప్పావు. మంచిది. కాని నాకు కావలసింది నీ మాట కాదు."

"నేను కొట్లో కూడా చెబుతాను. ఇప్పుడే."

"చెప్పు. చెబితే నీకు బాగుంటుంది." కసిగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. "కిటికీ తెరిచే ఉంది. ఆవిడ వింటోంది."

ఇద్దరూ కిటికీ వైపు చూశారు. తెర కదల్లేదు. లోపల కర్ర నేలకి తగిలిన చప్పుడు, బల్ల జరిగిన చప్పుడు. చాలాసేపటికి తలుపులోకి డాగ్నీ వచ్చింది. రెండు చేతికర్రల మీద ఆనుకుని ఉంది. బూట్లలోకి పాదాలైతే దూర్చింది కాని, వంగలేదు కాబట్టి తాళ్ళు కట్టుకోలేకపోయింది. అవి మెట్టు మీద వేలాడుతున్నాయి. రోజూ ఆ తాళ్ళు కట్టేది సుమాలీ. డాగ్నీ అలవాటు కొద్దీ ఒక కాలు కొంచెం ముందుకి పెట్టి నిలబడింది.

సుమాలీ కదల్లేదు. గుడ్రున్ చూడలేక ఒక అడుగు ముందుకేసి వంగబోయింది.

"వద్దు" అంది సుమాలీ.

డాగ్నీ తన కాలు వైపు చూసుకుంది, కోడలి వైపు చూసింది. కాలు వెనక్కి తీసుకుంది. మెట్టు దిగి, తాళ్ళు ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి వచ్చి, కొట్టు వైపు తిరిగింది. మోకాలు పోయాక ఆవిడ షెడ్డు దాటి ఆ రోడ్డు మీద నడవడం ఎవరూ చూడలేదు.

కొంచెం దూరం పోనిచ్చి, సుమాలీ కర్ర దడికి ఆనించి వెనకే బయల్దేరింది. పక్కకి వెళ్ళి చెయ్యి పట్టుకోలేదు. అలాగని దాటి ముందుకీ పోలేదు. ముసలావిడ ఆగినప్పుడల్లా ఆగుతోంది. గుడ్రున్ వాళ్ళ వెనక నడిచింది.

హాల్వర్ పచ్చిక మీదనుంచి బండి రోడ్డెక్కించాడు. ఆ రోడ్డు ఒక్క బండికే వెడల్పు, ముందు నడుస్తున్నది ముగ్గురు ఆడవాళ్ళు. వెనక ట్రైలర్‌తో సహా అతను వాళ్ళ నడకతోనే, ఆగుతూ, కదులుతూ వచ్చాడు. కిటికీ దించి గుడ్రున్ వైపు చూశాడు. ఆమె మొహం చూశాక అడగదలుచుకున్నది మానేశాడు. కొట్టు ఎదుట, రోడ్డు మధ్యలోనే ఇంజను ఆపి దిగాడు.

కొట్టు మెట్లు డాగ్నీకి కొండే అయ్యాయి. ఒక్కో మెట్టుకీ రెండు కర్రలూ పైకి, మంచి కాలు పైకి, చెడ్డ కాలు పైకి. అద్దంలోంచి చూసి బల్ల దగ్గరివాళ్ళు లేచి నిలబడ్డారు. యోరున్ పరుగున వచ్చి తలుపు తీసింది.

"డాగ్నీ! ఏంటిది? నువ్వెందుకొచ్చావు, కబురు పెడితే నేనే రానా? కూర్చో, కాఫీ పోస్తా."

"వద్దు. నిలబడే చెబుతాను."

ఆవిడకి ఊపిరి అందడం లేదు. సిగుర్డ్ కుర్చీ లాగి ముందుకి జరిపాడు. డాగ్నీ దాని వైపు చూడలేదు. వెనక గుమ్మంలో సుమాలీ నిలబడింది, ఆమె పక్కకి గుడ్రున్ వచ్చి నిలబడింది. తన వంతు వచ్చేలోపు తను చెప్పాల్సింది గుడ్రున్ లోపల్లోపల కూడబలుక్కుంటోంది.  వెనకనుంచి హాల్వర్ చెయ్యి ఆమె భుజం మీద పడింది.

"మంగళవారం పొద్దున నీరు తీసినప్పుడు సుమాలీ ఎక్కడుందని అడిగావుగా, సిగుర్డ్" అంది డాగ్నీ. "నా కాళ్ళ దగ్గర ఉంది. నేలమీద కూర్చుని నాకు మేజోళ్ళు తొడుగుతోంది. పోవాలమ్మా, నీరు తీసే వేళైంది అంటే, రెండో కాలు కూడా అయ్యాక పొమ్మని నేనే అన్నాను."